ఆయా పాట రాసుకున్న బార్టోక్

సంచికకు ఏదైనా రాయమని మన కార్యవర్గం వాళ్లు అడిగారు. నేను సంగీతం మాస్టారిగా రిటైరైన వాణ్ణి కాబట్టి, ఒక సంగీతకారుడి చదువు గురించి రాస్తున్నాను. ఆయన హంగరీకి చెందిన బేలా బార్టోక్. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని ఇరవయ్యో శతాబ్దంలో కొత్త దారి పట్టించిన స్వరకర్తల్లో ఒకరు.

ఆయన 1881లో పుట్టారు. తండ్రి వ్యవసాయ పాఠశాల హెడ్మాస్టరు. కొడుకుకి ఏడేళ్లప్పుడే పోయారు. తల్లి పియానో పాఠాలు చెప్పి, తర్వాత బడిలో టీచరుగా చేసి, ఇద్దరు పిల్లల్ని పెంచింది. బార్టోక్‌కు తొలి గురువు ఆవిడే. 11 ఏళ్లకే ఆయన సభలో పియానో వాయించారు. అందులో డాన్యూబ్ నది మీద తాను కట్టిన స్వరరచన కూడా ఉంది.

వియన్నాలో సీటు వచ్చినా కాదనుకుని 1899లో బుడాపెస్ట్ సంగీత అకాడమీలో చేరారు. పియానో నేర్పిన తోమాన్ గారు మహా విద్వాంసుడు లిస్ట్ శిష్యుడు. స్వరరచన నేర్పింది కోస్లర్ గారు. ఆ తరగతిలో మాత్రం బార్టోక్‌కు ఉత్సాహం చచ్చిపోయింది. కొంతకాలం రాయడమే మానేశారు. 1902లో రిచర్డ్ స్ట్రాస్ రచన ఒకటి విన్నాక మళ్లీ కలం పట్టారు. హంగరీ స్వాతంత్ర్య నాయకుడు కోషుత్ మీద పెద్ద వాద్యబృందానికి రాసిన రచన 1904 జనవరిలో బుడాపెస్ట్‌లో వినిపించగానే పేరొచ్చింది.

ఆ వేసవిలో ఒక పల్లెలో బస చేశారు. పక్క వసతిలో పిల్లల్ని ఆడించే ఆయా, లిడి డోషా అనే అమ్మాయి, పాడుకుంటోంది. పట్నంలో హంగరీ సంగీతంగా చెలామణీ అయ్యే పాటల్లా లేదది. అకాడమీలో చదివిన ఆ యువకుడు ఆమె పాటలు విని స్వరాలు రాసుకున్నారు.

1905లో పారిస్ పోటీకి వెళ్లారు. పియానోలో రెండో స్థానమే దక్కింది, స్వరరచనలో బహుమతి రాలేదు. తిరిగొచ్చాక కొడాయ్ అనే మిత్రుడితో కలిసి జానపద గీతాల సేకరణకు పూనుకున్నారు. మైనపు గొట్టాల మీద పాటను పట్టే ఫోనోగ్రాఫుతో ఊళ్లు తిరిగారు. 1906లో ఇద్దరూ కలిసి 20 పాటల పుస్తకం వేశారు. 1907లో చదివిన అకాడమీలోనే, తోమాన్ గారి స్థానంలో, పియానో ఆచార్యులయ్యారు. ఆ పల్లె బాణీలే తర్వాత ఆయన సంగీతానికి పునాది.

ఇది చదివినప్పుడల్లా నాకు మన స్కూల్లో కుండలు నింపే ఆయమ్మ గుర్తొస్తుంది. వేపచెట్టు కింద నీళ్లు పోస్తూ ఆవిడ పాడేది. మేం నవ్వేవాళ్లం. తర్వాత నాకు స్వరాలు రాయడం వచ్చింది కానీ, ఆవిడ దగ్గరికి వెళ్లి కూర్చోలేదు. ఇప్పుడు ఆవిడ లేదు. పల్లవి లీలగా గుర్తుంది, చరణాలు లేవు.

మీలో ఎవరికైనా ఒక్క చరణం గుర్తుంటే ఉత్సవాల రోజు వచ్చి నాకు పాడి వినిపించండి. నోటుపుస్తకం తెచ్చుకుంటాను.