నిగాటా డాక్టరు క్యుసాకు ఒగినో

ఈ నెల గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. గాంధీ గారు, అంబేద్కర్ గారు, కొమురం భీం గురించి ఇదివరకే మనవాళ్ళు బాగా రాసేశారు. అందుకని నేను ఒక జపాన్ డాక్టరు గారి గురించి రాస్తున్నాను. మనది ఆడపిల్లల హాస్టల్. నెలసరి అనే మాట చార్టు మీద కనబడితే ఎవరూ మొహం తిప్పుకోనక్కర్లేదు.

క్యుసాకు ఒగినో 1882 మార్చి 25న జపాన్‌లో తొయొహాషి అనే ఊళ్ళో పుట్టారు. వ్యవసాయం చేసుకునే ఇల్లు. తర్వాత ఒగినో వారింటికి దత్తత వెళ్ళడంతో ఆ ఇంటిపేరు వచ్చింది. టోక్యోలో డాక్టరు చదువు 1909లో పూర్తి చేశారు. 1912లో నిగాటా పట్టణంలోని తకెయామా ఆస్పత్రిలో చేరారు. అది సముద్రం పక్కన, చలికాలమంతా మంచు పడే ప్రాంతం. పేరున్న పెద్ద కాలేజీ కాదు, మామూలు ఆస్పత్రి. పగలు రోగుల్ని చూడటం, ఆపరేషన్లు చేయడం, మిగిలిన టైములో పరిశోధన.

ఆ రోజుల్లో స్త్రీ శరీరంలో అండం ఎప్పుడు విడుదలవుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. బహిష్టు సమయంలోనే విడుదలవుతుందని కొందరు, తర్వాత ఫలానా రోజున అని మరికొందరు. ఒక డాక్టరు చెప్పిన రోజు ఇంకొకరు చెప్పిన రోజుతో కలిసేది కాదు. అందరూ అయిపోయిన బహిష్టు నుంచి ముందుకు లెక్కపెట్టేవారు.

ఒగినో గారు ఏదో ఒక జబ్బుకి పొట్ట ఆపరేషన్ చేయాల్సి వచ్చిన స్త్రీల అండాశయాన్ని కళ్ళతో చూసేవారు. అండం విడుదలైందా, లేదా? అయితే ఆ చోట పసుపుపచ్చని ముద్ద కొత్తదా, పాతదా? దాన్ని ఆ స్త్రీల బహిష్టు తేదీలతో పోల్చి రాసుకునేవారు. అలా ఏళ్ళ తరబడి చేశాక తేలింది, లెక్క ముందుకి కాదు, వెనక్కి పెట్టాలని. రాబోయే బహిష్టుకి 12 నుంచి 16 రోజుల ముందు అండం విడుదలవుతుంది. 1924లో ఈ సంగతి జపాన్‌లో ప్రచురించారు. 1930లో జర్మన్ పత్రికలో వచ్చాక బయటి దేశాలకు తెలిసింది.

వెనక్కి లెక్కపెడితే ఎందుకు సరిపోతుంది? దీనికి జవాబు హార్మోన్లలో ఉంది. 1924 నాటికి వాటిని ఎవరూ శుద్ధంగా వేరు చేయలేదు. ఈస్ట్రోజెన్‌ను 1929లో, ప్రొజెస్టెరాన్‌ను 1934లో వేరుచేశారు.

మెదడు అడుగున హైపోథాలమస్ ఉంది. అది బఠానీ గింజంత పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది. పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను వదిలితే అండాశయంలో పుటిక పెరుగుతుంది. పెరిగే పుటిక నుంచి ఈస్ట్రోజెన్ వస్తుంది, గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. మామూలుగా ఈస్ట్రోజెన్ పిట్యూటరీని అణచి ఉంచుతుంది. కానీ బాగా పెరిగి దాదాపు రెండు రోజులు అలాగే నిలబడితే తిరగబడి దాన్నే తొందరపెడుతుంది! (నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.) అప్పుడు ఎల్‌హెచ్ ఒక్కసారిగా పొంగుతుంది. సుమారు 36 గంటల్లో అండం బయటికి వస్తుంది.

ఖాళీ అయిన పుటికే ఆ పసుపుపచ్చ ముద్ద, కార్పస్ లూటియం. అది ప్రొజెస్టెరాన్ తయారుచేసి పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే దాని ఆయుష్షు రెండు వారాలే. అది వాడిపోగానే హార్మోన్లు పడిపోతాయి, పొర ఊడి బహిష్టు వస్తుంది. అంటే రెండో సగం దాదాపు ఎప్పుడూ ఒకటే. సాగేదీ తగ్గేదీ మొదటి సగం. 26 రోజులకు వచ్చే అమ్మాయికి సుమారు 12వ రోజున, 40 రోజులకు వచ్చే అమ్మాయికి సుమారు 26వ రోజున అండం విడుదలవుతుంది.

మన దగ్గర ఒక అమ్మాయికి రెండు నెలలు రాలేదు. ఎవరికీ చెప్పలేదు. చెవులు కొరుక్కునేవాళ్ళు కొరుక్కున్నారు. తనేమో దిగులుతో అన్నం మానేసింది. తిండి తగ్గినా, జ్వరం వచ్చినా, బెంగ పెట్టుకున్నా హైపోథాలమస్ కబురు పంపడం తగ్గిస్తుంది, పుటిక పెరగదు, తేదీ ఇంకా వెనక్కి పోతుంది. పస్తుండటం వల్ల తనకి జరిగిందల్లా అదే. పైగా పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్ళు ఈ వ్యవస్థ ఇంకా కుదురుకోదు. 21 రోజులకు ఒకసారి, 45 రోజులకు ఒకసారి రావడం మామూలే. మూడు నెలలు దాటినా, వారానికి మించి పోతున్నా నర్సమ్మకి చెప్పాలి. అలా చెప్పిన పిల్లని ఎవరూ అనుమానంగా చూడొద్దు. వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. తేదీ గుర్తు పెట్టుకోడానికి మాకు తలా ఒక చిన్న క్యాలెండరు ఇప్పించండి. ట్రంకుపెట్టె మూత లోపల అంటించుకుంటాం.

మళ్ళీ ఒగినో గారి దగ్గరికి వద్దాం. పిల్లలు లేక బాధపడే దంపతులకు పనికొస్తుందని ఆయన ఆ లెక్క కట్టారు. లోకం మాత్రం దాన్ని తిరగేసి, గర్భం రాకుండా ఉండటానికి వాడింది. ఆయన దానికి ఒప్పుకోలేదు. రాబోయే తేదీ ముందుగా ఎవరికి తెలుసు? తప్పిన లెక్కకి కష్టపడేది ఆడవాళ్ళేనని ఆయన వాదన. తన పేరుతోనే ఊరూరా చెలామణీ అవుతున్న పద్ధతిని తనే కాదనడం చిన్న సంగతి కాదు.

హైపోథాలమస్ పంపే ఆ కబురు కూడా ఒక హార్మోనేనని, దాని నిర్మాణం ఇదీ అని 1971లో కనిపెట్టారు. అప్పటికి ఒగినో గారికి 89 ఏళ్ళు. 1975 జనవరి 1న, 92వ ఏట చనిపోయారు. నిగాటాలో ఒక వీధికి ఆయన పేరు పెట్టారు.

– 10వ తరగతి విద్యార్థిని