ఉప్పెన లెక్క తేల్చిన కెప్టెన్

హనుమకొండలో పెరిగిన మనకు నీళ్లంటే భద్రకాళి చెరువే. సముద్రం చూడాలంటే కాజీపేటలో రైలెక్కి రాత్రంతా ప్రయాణించాలి. అయినా తుఫాను వచ్చినప్పుడల్లా మీరూ ‘సైక్లోన్’ అనే అంటారు కదా? ఆ పేరు పెట్టింది హెన్రీ పిడింగ్టన్.

1797లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆయన వాణిజ్య నౌకల్లో కెప్టెన్‌గా పనిచేసి, కలకత్తాలో స్థిరపడ్డారు. 1838లో విలియం రీడ్ తుఫాన్లపై రాసిన పుస్తకం చదివాక ఇక ఆయనకు అదే ధ్యాస. అప్పట్లో శాటిలైట్లు లేవు, కంప్యూటర్లు లేవు. ఉన్నవల్లా ఓడల లాగ్‌బుక్కులే. తుఫాను నుంచి బయటపడ్డ ఓడలు గాలి దిశ, బారోమీటర్ రీడింగ్ రాసుకునేవి. వాటిని ఓపిగ్గా సేకరించి, ఒక్కో తుఫాను దారిని గుర్తించారు. గాలి చుట్టచుట్టుకున్న పాములా తిరుగుతుందని, గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ అనే పేరు తీసి 1848 నాటి తన పుస్తకంలో పెట్టారు.

మన కాకినాడ దగ్గరి కోరంగిని 1789లో ముంచేసిన ఉప్పెన కథ కూడా ఆయన పరిశీలించినదే. ఇక్కడ మీకో తేడా తెలియాలి. మామూలు అలను గాలి పుట్టిస్తుంది. లోతు సముద్రంలో నీళ్లు దాదాపు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతాయి, ముందుకు సాగేది శక్తి. లోతు తగ్గేకొద్దీ అల నెమ్మదించి, ఎత్తు పెరిగి, ఒడ్డున విరుగుతుంది. ఉప్పెన అలా కాదు. తుఫాను గాలి నీటినే తీరం మీదికి నెడుతుంది. పైగా గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రమట్టం సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. తీరం లోతు తక్కువైతే ఆ నీరంతా ఊళ్ల మీద పడుతుంది.

అందుకే బెంగాల్‌లో మాతలా నది ఒడ్డున కొత్త ఓడరేవు కడతామన్నప్పుడు, ఉప్పెన దాన్ని మింగేస్తుందని 1853లో గవర్నర్ జనరల్‌కు లేఖ రాశారు. ఎవరూ వినలేదు. 1858లో ఆయన కన్నుమూశారు. కానింగ్ రేవు కట్టారు. 1867లో తుఫాను దాన్ని ధ్వంసం చేసింది.

ఇప్పుడు సముద్రమే లేని హైదరాబాద్ నుంచి ఇన్‌కాయిస్ సంస్థ అలల అంచనాలు, సునామీ హెచ్చరికలు ఇస్తోంది. ప్రాజెక్టు ఉద్యోగాలకు నోటిఫికేషన్లూ వేస్తుంటుంది. ఫిజిక్స్, మ్యాథ్స్, కోడింగ్ చదివినవాళ్లు ఓ కన్నేసి ఉంచండి. పిడింగ్టన్ చేసింది కూడా డేటా పనే. కాకపోతే ఆయన హెచ్చరికను ఆనాడు విన్నవాళ్లు లేరు. రేపు మీరిచ్చే హెచ్చరిక కోసం తీరంలో లక్షలమంది ఎదురుచూస్తుంటారు.