శ్రీరాంపూరు కాపరి గృహము

విలియం కేరీ గారి పేరు విననివారు మన సంఘములలో అరుదు. చెప్పులు కుట్టిన మనిషి ఇండియాకు వచ్చి ఇన్ని భాషలలోనికి బైబిలు తర్జుమా చేసిన సంగతి సండేస్కూలు పిల్లవాడు కూడా చెప్పగలడు. మన డయోసీస్ శతాబ్ది సంచికలో ఒక బాప్తిస్టు మిషనెరీ గురించి ఎందుకని కొందరు అడుగవచ్చు. మన పాస్టర్లలో చాలామంది ఇండ్లలో గోడకు వ్రేలాడే వేదాంత పట్టా మీద ఉన్నది శ్రీరాంపూరు పేరే, అనగా మనము వాడుకగా సేరంపూరు అనే ఊరి పేరే. 1814లో కేరీ గారి తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన ఆ ఊరి అచ్చుకూటము నుండి వెలువడినవి. ఆ బంధుత్వము చాలును.

అయితే నేను వ్రాయబోయేది తర్జుమాల గురించి కాదు, ఆయన ఇంటిని గురించి. 1800 ఏప్రిల్ 24న శ్రీరాంపూరులో సంఘము ఏర్పడినప్పుడు దాని స్థాపక సభ్యులలో ఒకరు, దాని కాపరి కేరీ గారు. ఆ కాపరి ఇంటిలో తలుపు మూసి ఉంచవలసిన గది ఒకటి ఉండేది. మేము వేదాంత కళాశాలలో చదివిన రోజులలో కేరీ గారి గురించి ఎన్ని ప్రశ్నలకు జవాబులు వ్రాశామో లెక్కలేదు గాని, ఆ గదిలోని ఆమె పేరు ఏ ప్రశ్నాపత్రములోను రాలేదు.

ఆమె పేరు డొరతి ప్లాకెట్. 1781 జూన్ 10న ఇంగ్లాండులోని పిడింగ్టన్ గ్రామ దేవాలయములో వారి వివాహము జరిగినది. వరునికి ఇంకను ఇరువది ఏండ్లు నిండలేదు. వధువు ఆయనకంటె అయిదారేండ్లు పెద్దది. చదువు రాదు గనుక వివాహ రిజిస్టరులో తన పేరుకు బదులు ఇంటూ గుర్తు పెట్టినది. ఆ కాలపు పల్లెటూళ్లలో అది సిగ్గుపడవలసిన విషయము కాదు. మొదటి బిడ్డ ఆన్ రెండవ ఏటనే జ్వరముతో చనిపోయినది. అదే జ్వరము తండ్రికి కూడా తగిలి, తల వెంట్రుకలు రాలిపోయినవి. తరువాత ఫెలిక్స్, విలియం, పీటర్ అను కుమారులు పుట్టారు. లూసీ అను మరియొక ఆడబిడ్డ కూడా పసితనములోనే పోయినది. భర్త చెప్పులు కుట్టుచు, పిల్లలకు చదువు చెప్పుచు, మౌల్టన్‌లోను పిమ్మట లెస్టర్‌లోను సంఘకాపరిగా ఉండేవాడు. రాత్రివేళ లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొనేవాడు. చాలీచాలని ఆ రాబడిలో ఇల్లు నడిపినది డొరతియే.

1792 అక్టోబరు 2న కెటరింగ్‌లో బాప్తిస్టు మిషనెరీ సంఘము ఏర్పడినది. కొద్ది నెలలలోనే కేరీ గారిని ఇండియాకు పంపుటకు నిర్ణయమైనది. అప్పుడు డొరతి నిండు గర్భిణి. సముద్రము ఎన్నడు చూడని మనిషి. తాను రానన్నది. కేరీ గారు ఫెలిక్స్‌ను మాత్రము వెంట తీసికొని బయలుదేరారు. ఆయన తోటి మిషనెరీ డాక్టర్ జాన్ థామస్ గారి అప్పుల గొడవ వలన, కంపెనీవారి అనుమతి లేనందువలన వారిని ఓడనుండి దింపివేశారు. ఈలోగా డొరతికి జేబెజ్ పుట్టాడు. వేరొక ఓడ దొరికిన తరువాత వారు మరల పిడింగ్టన్ వెళ్లి ఆమెను అడిగారు. ఆమె మరల వద్దన్నది. దారిలోనుండి థామస్ గారు వెనుకకు తిరిగి వెళ్లి, రాకపోతే కుటుంబము శాశ్వతముగా చెదరిపోవునని, జీవితాంతము పశ్చాత్తాపపడవలసి వచ్చునని ఆమెను హెచ్చరించారు. తన చెల్లెలు కిట్టీ తోడు వస్తే తాను వస్తానని ఆమె ఒప్పుకొన్నది. ఒక్క రోజైన గడువు లేకుండ సామాను అమ్మి, మూట కట్టుకొని బాలింతరాలు బయలుదేరినది. చాలా పుస్తకములు ఈ ఘట్టమును దేవుని అద్భుతముగా వర్ణించును. ఓడ ఆలస్యమగుట దేవుని ఏర్పాటే అని నేనును నమ్ముదును గాని, ఆమెను ఒప్పించిన తీరును అద్భుతమనుటకు నాకు మనస్సు రాదు. అది భయపెట్టి తెచ్చిన సమ్మతి.

1793 జూన్ 13న డోవరు విడిచి, అయిదు నెలల ప్రయాణము చేసి నవంబరు 11న వారు కలకత్తా చేరారు. తెచ్చిన డబ్బు థామస్ గారి చేతిలో త్వరలోనే అయిపోయినది. ఇంటి తరువాత ఇల్లు మారారు. డొరతికిని పెద్ద కుమారునికిని జిగట విరేచనములు పట్టుకొన్నవి. 1794లో సుందరవనముల అంచున దేభట్ట అను చోటికి పోగా, చార్లెస్ షార్ట్ అను ఇంగ్లీషు దొర తన ఇంట ఆశ్రయమిచ్చాడు. కిట్టీ ఆయననే పెండ్లాడి అక్కడ ఉండిపోయినది. ఏ తోడు కొరకు డొరతి సముద్రము దాటినదో ఆ తోడు అక్కడితో తెగిపోయినది.

అక్కడినుండి మాల్దా ప్రాంతములోని మదనావతికి వెళ్లారు. కేరీ గారికి నీలిమందు ఫ్యాక్టరీలో నెలకు 200 రూపాయల జీతముతో మేనేజరు పని దొరికినది. ఆ సంవత్సరమే అయిదేండ్ల పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. తండ్రి తానే జ్వరముతో మంచములో ఉన్నాడు. కుల కట్టుబాటు వలన పిల్లవాని గుంట త్రవ్వుటకు ఎవరును ముందుకు రాలేదు. ఎంతో బ్రతిమాలిన మీదట నలుగురు ముస్లిములు ఆ పని చేశారు. పరాయి ఊళ్లో కన్నబిడ్డ శవమును పెట్టుకొని, మోసేవారి కొరకు ఎదురుచూచుట ఎట్లుండునో మన పల్లెల్లో ఎరిగినవారు ఎరుగుదురు.

1795 నుండి డొరతి మతి చలించినది. భర్త తనకు ద్రోహము చేయుచున్నాడని గట్టిగా నమ్మి, వీధిలో వెంటపడి నిందించేది. ఒక్కొక్కప్పుడు మీదికి వచ్చి కొట్టేది. మిగిలిన విషయములలో తెలివిగానే మాటలాడేది గనుక, విన్నవారు కొందరు నిజమేమో అనుకొన్నారు. ఆ స్థితిలోనే 1796లో జోనాథాన్ పుట్టాడు. చివరకు ఆమెను గదిలో ఉంచవలసి వచ్చినది. పిచ్చాసుపత్రికి పంపమని చెప్పినవారున్నను కేరీ గారు పంపలేదు. అప్పటి పిచ్చాసుపత్రులు ఎట్టివో ఆయన ఎరుగును. ప్రక్క గదిలో ఆమె కేకలు వినబడుచుండగా ఈయన బెంగాలీ బైబిలు దిద్దేవాడు. పండ్రెండేండ్లు అట్లే గడిచినవి. ఆయన ఓర్పును పొగడనివారు లేరు. నేనును పొగడుదును. అయితే డొరతి ఆయన పనికి అడ్డుబండ అని వ్రాసినవారితో ఏకీభవించలేను. ముగ్గురు బిడ్డలను పాతిపెట్టి, చెల్లెలినుండి విడిపోయి, భాష రాని ఊళ్లలో జబ్బుతో తిరిగిన స్త్రీ ఆమె. ఆ పని కొరకు చెల్లించిన వెలలో ఆమె వంతు తక్కువ కాదు.

1800 జనవరి 10న కేరీ గారు డేనిష్‌వారి పాలనలోనున్న శ్రీరాంపూరు వచ్చి మార్ష్‌మన్, వార్డ్ గార్లతో కలిసియున్నారు. అందరిది ఒకటే భోజనపు బల్ల, ఒకటే డబ్బు పెట్టె. మన ఉమ్మడి కుటుంబము వంటిదే, అయితే రక్తసంబంధము లేనిది. తరువాత ఫోర్టు విలియం కాలేజీలో పంతులుగా కేరీ గారికి పెద్ద జీతమే వచ్చినది. తనకు కొద్దిగా ఉంచుకొని మిగిలినదంతయు ఆ పెట్టెలోనే వేశారు. కాని ఆయన నలుగురు కుమారులు తల్లి లాలన లేక, తండ్రికి తీరిక లేక కట్టు తప్పి పెరుగుచుండిరి. ఆయన మృదుస్వభావి, బిడ్డలను గద్దించలేడు. వారిని చేరదీసినది హన్నా మార్ష్‌మన్ అమ్మగారు. ఫెలిక్స్‌ను దారిలో పెట్టినవారు వార్డ్ గారు. తన బిడ్డలను తాను ఒక్కడే పెంచలేకపోతినని కేరీ గారికి తెలియకపోలేదు.

1800 డిసెంబరు 28 ఆదివారమున హుగ్లీ నదిలో వడ్రంగి కృష్ణపాల్‌కును, ఫెలిక్స్‌కును కేరీ గారు బాప్తిస్మమిచ్చారు. ఒక ప్రక్క కన్నకొడుకు, మరియొక ప్రక్క మొదటి బెంగాలీ విశ్వాసి నడువగా ఆయన నీటిలోనికి దిగారు. ఏడేండ్ల ఎదురుచూపు ఫలించెనన్న ఆనందముతో డాక్టర్ థామస్ గారికి మతి తప్పినది. ఒక గదిలో ఆయన కేకలు, మరియొక గదిలో డొరతి కేకలు, నది ఒడ్డున పాటలు. మన ప్రసంగములలో బాప్తిస్మపు సంగతియే చెప్పుదుము, ఆ రెండు గదుల సంగతి విడిచిపెట్టుదుము.

1807 డిసెంబరు 8న డొరతి జ్వరముతో కన్నుమూసినది. అయిదు నెలలకే, 1808 మేలో, కేరీ గారు షార్లెట్ రుమోర్ అను డేనిష్ వనితను వివాహమాడారు. ఇంత త్వరగానా అని తోటివారు మొదట అభ్యంతరపెట్టారు. మన సంఘమైనను అదే పని చేసియుండును. షార్లెట్‌ది గొప్ప వంశము. చిన్ననాడు అగ్ని ప్రమాదములో చిక్కుకొని సరిగా నడువలేని దేహస్థితి. ఆమెకు 1803లో కేరీ గారే బాప్తిస్మమిచ్చారు. అనేక భాషలు తెలిసినది గనుక తర్జుమా పనిలో సహాయపడేది, బాలికల బడుల కొరకు పాటుపడేది. పదమూడేండ్లు ఆ ఇంటిలో శాంతి ఉన్నది. తెలుగు వ్యాకరణము, తెలుగు క్రొత్త నిబంధన ఆ సంవత్సరములలోనివే. 1821 మే 30న ఆమె మరణించినది.

కుమారుల సంగతి మిశ్రమము. విలియం కట్వాలో మిషనెరీగా పనిచేశాడు. జేబెజ్ వకీలు పని విడిచి 1814లో మొలక్కా దీవులలోని అంబోయినాకు, తరువాత అజ్మీరుకు వెళ్లాడు. జోనాథాన్ కలకత్తాలో అటార్నీ అయ్యాడు. తండ్రిని ఎక్కువ ఏడిపించినవాడు పెద్దవాడే. ఫెలిక్స్ బర్మాకు మిషనెరీగా వెళ్లి, అక్కడి రాజు కొలువులో చేరాడు. 1814లో పడవ మునిగి భార్యాబిడ్డలు కండ్లయెదుటనే నీటి పాలయ్యారు. పిమ్మట రాజు రాయబారిగా కలకత్తా వచ్చి ఆడంబరముగా తిరిగి, అప్పులు చేసి, కొన్నేండ్లు దేశదిమ్మరి అయ్యాడు. తండ్రి లోలోపల క్రుంగిపోయాడు గాని తలుపు మూయలేదు. కొడుకు తిరిగి వచ్చి శ్రీరాంపూరులోనే అచ్చుపనిలోను, బెంగాలీ గ్రంథరచనలోను పాటుపడి, 1822 నవంబరులో ముప్పది యేడేండ్లకే చనిపోయాడు. తండ్రి ఆ కుమారుని కూడా పాతిపెట్టవలసి వచ్చినది.

ఆ దినములలోనే కేరీ గారు గ్రేస్ హ్యూస్ అను విధవరాలిని వివాహమాడారు. ముసలితనములో ఆయనకు ఉపచర్య చేసినది ఆమెయే. ఇంగ్లాండు విడిచి నలుబది ఏండ్లు దాటినను ఒక్కమారైనను తిరిగి వెళ్లక 1834 జూన్ 9న శ్రీరాంపూరులో ఆయన కన్నుమూశారు. తనను షార్లెట్ ప్రక్కనే పెట్టమని వీలునామాలో వ్రాశారు. అంత సంపాదించిన మనిషి దగ్గర పంచుటకు ధనము లేదు. తన పుస్తకములు అమ్మి జేబెజ్‌కు 1500 రూపాయలు ఇమ్మన్నారు, ఫెలిక్స్‌కును విలియంకును అంత మొత్తము మునుపే ముట్టినది గనుక.