ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్

ఫ్రాంక్ బార్నీ గోర్టన్ స్టేబుల్‌ఫోర్డ్ (1870 - 1959) ఆంగ్లేయ శస్త్రవైద్యుడు, గోల్ఫ్ క్రీడాకారుడు. గోల్ఫ్‌లో తన పేరుతోనే ప్రసిద్ధమైన పాయింట్ల పద్ధతిని ఇతడు రూపొందించాడు.

జీవితం

స్టేబుల్‌ఫోర్డ్ బ్రిటిషు సైనిక వైద్యదళం తరఫున బోయర్ యుద్ధంలోనూ, మొదటి ప్రపంచ యుద్ధంలోనూ పనిచేశాడు. 1898లో వేల్స్‌లోని పెనార్త్ వద్ద గ్లామోర్గన్‌షైర్ క్లబ్బులో తన పద్ధతిని తొలిసారి ప్రయోగించాడు. అది అప్పట్లో ప్రచారం పొందలేదు. తరువాత లివర్‌పూల్‌కు ఎదురుగా, మెర్సీ నదికి ఆవల ఉన్న వాలసీ క్లబ్బులో సభ్యుడయ్యాడు. ఇది ఇసుకదిబ్బల నడుమ, సముద్రపు గాలికి ఎదురొడ్డి ఆడవలసిన మైదానం. ఇక్కడ ఒక్క హోలులో బంతి దారి తప్పితే మొత్తం స్కోరు పాడయ్యేది. అనేకులు కొన్ని హోల్స్‌కే నిరాశచెంది స్కోరు కార్డు చించివేసేవారు. వీరి కోసమే స్టేబుల్‌ఫోర్డ్ తన పాత ఆలోచనను సవరించాడు. 1932 మే 16న వాలసీలో ఈ పద్ధతిలో పోటీ జరిగింది. మొదటి ప్రయోగానికీ దీనికీ మధ్య 34 ఏళ్ళు గడవడం విచిత్రమే.

పాయింట్ల పద్ధతి

హ్యాండికాప్ అనగా సామాన్య ఆటగానికి స్కోరులో లభించే మినహాయింపు. నేటి నియమాల ప్రకారం ఈ మినహాయింపు పోగా హోలుకు నిర్ణయించిన స్ట్రోకులలో (పార్) ముగిస్తే 2 పాయింట్లు, ఒకటి ఎక్కువైతే 1, ఒకటి తక్కువైతే 3. రెండు లేదా అంతకు మించి ఎక్కువైతే సున్న. ఉదాహరణకు, పార్ 4 గల హోలులో ఒక స్ట్రోకు మినహాయింపు ఉన్నవాడు 5 స్ట్రోకులలో ముగిస్తే 2 పాయింట్లు వస్తాయి. 7 ఆడినా, 11 ఆడినా సున్నయే. కనుక బంతిని చేతికి తీసుకొని తరువాతి హోలుకు పోవచ్చు. ఆట వేగం పెరగడం ఇందువల్ల కలిగిన అదనపు లాభం.

హ్యాండికాప్ లెక్కలో

మైదానాల కాఠిన్యాన్ని కొలిచే పద్ధతి స్టేబుల్‌ఫోర్డ్ కనిపెట్టినది కాదు. 2020లో అమలులోకి వచ్చిన ప్రపంచ హ్యాండికాప్ విధానంలో సగటు కాఠిన్యానికి సూచిక 113. హ్యాండికాప్ సూచిక 18 గల ఆటగాడు 130 సూచిక గల మైదానంలో ఆడితే 18ని 130తో గుణించి 113తో భాగించాలి. కోర్సు రేటింగు, పార్ సమానమైనచో 21 స్ట్రోకులు లభిస్తాయి. అంటే ప్రతి హోలులో ఒకటి, మిక్కిలి కఠినమైన మూడింటిలో రెండేసి. అయితే ఈ విధానంలోనూ హ్యాండికాప్ కోసం ఒక హోలుకు నమోదుచేసే గరిష్ఠ స్కోరు, స్టేబుల్‌ఫోర్డ్ లెక్కలో సున్న మొదలయ్యే స్కోరు ఒక్కటే. పై ఉదాహరణలో 11 ఆడినవానికి నమోదయ్యేది 7 మాత్రమే.