మీ బండి సైలెన్సర్ పైపులో ఒక సైంటిస్ట్



మీ ఇంట్లో ఇంటర్ సెకండియర్ పిల్లలుంటే నెర్న్‌స్ట్ ఈక్వేషన్ పేరు వినే ఉంటారు. ఎలక్ట్రోకెమిస్ట్రీ అనగానే చాలామంది బెదిరిపోయేది అక్కడే. ఆ ఈక్వేషన్ రాసిన వాల్తర్ నెర్న్‌స్ట్ గురించి మాత్రం పుస్తకంలో పెద్దగా ఉండదు.

ఆయన 1864లో బ్రీసెన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. అప్పుడది ప్రష్యా, ఇప్పుడు పోలండ్. 1889లో, పాతికేళ్ల వయసులో ఈక్వేషన్ రాశారు. రెండు వైపులా ఒకే పదార్థం వేర్వేరు మోతాదుల్లో ఉంటే ఎంత వోల్టేజ్ పుడుతుందో అది లెక్క కట్టి చెబుతుంది.

తర్వాత గొట్టింగెన్‌లో ప్రొఫెసర్‌గా ఉంటూ బల్బు మీద పడ్డారు. జిర్కోనియాలో యిట్రియా కలిపి సన్నటి కడ్డీ చేశారు. యిట్రియాలో ఉండే యిట్రియం రేర్ ఎర్త్ లోహం. అది కలిస్తే లోపల ఖాళీలు ఏర్పడి, వేడెక్కినప్పుడు వాటిగుండా ఆక్సిజన్ అయాన్లు కదులుతాయి. చల్లగా ఉంటే కరెంటు పోదు. అంటే స్విచ్ వేసి, కడ్డీ వేడెక్కేదాకా ఆగాలి! అయినా ఏఈజీ కంపెనీ భారీ మొత్తమిచ్చి పేటెంట్ కొనుక్కుంది. ఆయనకు కార్ల పిచ్చి కూడా ఉండేది. కొన్నేళ్లకు టంగ్‌స్టన్ బల్బులొచ్చి ఈ బల్బును పక్కకు నెట్టేశాయి.

1914లో యుద్ధం మొదలైతే యాభై ఏళ్ల వయసులో సొంత కారుతో సైన్యానికి డ్రైవర్‌గా వెళ్లారు. ఇద్దరు కొడుకులూ ఆ యుద్ధంలోనే చనిపోయారు. 1920 సంవత్సరానికి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆ సంతోషం ఆ ఇంట్లో ఎలా ఉండి ఉంటుందో తల్లిదండ్రులుగా మీకే తెలుస్తుంది. ముగ్గురు కూతుళ్లలో ఇద్దరు యూదులను పెళ్లాడారు, హిట్లర్ వచ్చాక దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. నెర్న్‌స్ట్ పల్లెలో ఎస్టేట్‌కు చేరి చేపలు పెంచుకుంటూ 1941లో కన్నుమూశారు.

1976లో వోల్వో కార్లలో ఆక్సిజన్ సెన్సర్ వచ్చింది. అందులో ఉన్నది ఆ బల్బు పదార్థమే. ఒక పక్క బయటి గాలి, ఇంకో పక్క ఇంజిన్ పొగ. రెండింట్లో ఆక్సిజన్ తేడా బట్టి వోల్టేజ్ పుడుతుంది, ఆయన ఈక్వేషన్ ప్రకారమే. పెట్రోల్ ఎక్కువైతే దాదాపు 0.9 వోల్టులు, తక్కువైతే 0.1. అది చూసి ఇంజిన్ కంప్యూటర్ పెట్రోల్ సరిచేస్తుంది.

మన బీఎస్6 బళ్లలోనూ ఇలాంటి సెన్సర్ ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే మాత్రం పనిచేయదు. అదీ వేడెక్కాలి, అచ్చం ఆయన బల్బులాగే.