పేటన్ రౌస్ – ఒక కోడిపెట్ట తెలిపిన సత్యం

క్యాన్సరు మనుష్యజాతికి మాత్రమే దాపురించిన వ్యాధి అని తలచేవారు నేటికీ ఉన్నారు. అది నిజం కాదు. ఎద్దుల కొమ్ములో పుట్టే క్యాన్సరు మన దేశపు రైతులు ఎరిగినదే. కుక్కలకు, పిల్లులకు, కోళ్లకు, చేపలకు సైతం కంతులు వస్తాయి. చెట్ల కాండాల మీద, వేళ్ల మీద బుడిపెలు లేస్తాయి. పశుపక్ష్యాదుల కంతిని పరిశీలించి మానవుని వ్యాధిని అర్థం చేసుకోవచ్చునని లోకానికి తెలియజేసిన వారిలో అగ్రగణ్యుడు అమెరికా శాస్త్రజ్ఞుడు పేటన్ రౌస్. ఆయన చెప్పిన మాటను లోకం అంగీకరించడానికి అర్ధశతాబ్దం పట్టింది.

రౌస్ 1879 అక్టోబరు 5న బాల్టిమోర్ నగరంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రి గతించగా, పిల్లల చదువు కోసం తల్లి ఆ నగరంలోనే నిలిచి సంసారాన్ని ఈడ్చుకొచ్చింది. బాలునికి మొక్కలన్నా, పువ్వులన్నా మక్కువ. కళాశాలకు వెళ్లే వయస్సులోనే స్థానిక దినపత్రికకు అడవిపూలను గురించి వ్యాసాలు వ్రాశాడు. తరువాత జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు.

అక్కడ ఒక ఆపద ఎదురైంది. శవపరీక్ష చేస్తుండగా క్షయ సోకిన ఎముక వ్రేలికి గీసుకొని ఆ వ్యాధి ఆయనకే అంటుకున్నది. చంకలో వాచిన గ్రంథిని శస్త్రచికిత్సతో తొలగించారు. ఆనాడు క్షయకు మందు లేదు. గాలి మార్పు, విశ్రాంతి మాత్రమే దిక్కు. ఆయన టెక్సస్ వెళ్లి పశువుల క్షేత్రంలో గుర్రమెక్కి మందలను తోలుతూ ఒక సంవత్సరం గడిపారు. ఆరోగ్యం చేకూరిన తరువాత తిరిగి వచ్చి 1905లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. కాని రోగులను చూసే వృత్తి తనకు తగినది కాదని ఆయనకు తోచింది. పరిశోధన వైపు మరలి, 1909లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయంలో క్యాన్సరు విభాగపు బాధ్యత స్వీకరించారు.

ఆ సంవత్సరమే రొమ్ము భాగంలో పెద్ద కంతి ఉన్న ప్లిమత్ రాక్ జాతి కోడిపెట్ట ఒకటి ఆయన వద్దకు చేరింది. మరొకరైతే దానిని పారవేయించి ఉండేవారేమో! రౌస్ ఆ కంతి నుండి చిన్న ముక్క తీసి అదే వంశపు ఇతర కోళ్ల శరీరంలో నాటారు. కొన్నింటిలో కంతి పెరిగింది. అంతవరకు ఎలుకలలో ఇతరులు చేసి చూపినదే. ఆయన అక్కడ ఆగలేదు. కంతిని మెత్తగా నూరి, ద్రవంలో కలిపి, జీవకణాలూ బాక్టీరియాలూ దాటిరాలేని సన్నని వడపోత సాధనం గుండా పోనిచ్చారు. వడకట్టిన ఆ ద్రవంలో ఒక్క జీవకణమైనా లేదు. అయినా దానిని ఎక్కించిన కోళ్లకు అదే కంతి వచ్చింది! కణం కంటె ఎంతో సూక్ష్మమైన కారకమేదో క్యాన్సరును పుట్టిస్తున్నదన్నమాట. 1911లో ఆయన ఈ సంగతి ప్రకటించారు. ఆ కారకమే నేడు రౌస్ సార్కోమా వైరస్ అని ప్రసిద్ధమైనది.

ఇంచుమించు అదే కాలంలో వృక్షజాతిలోనూ ఇటువంటి అన్వేషణ జరిగింది. అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞుడు ఎర్విన్ స్మిత్, తన సహచరునితో కలసి, మొక్కల మీద కంతులు లేపే బాక్టీరియాను 1907లో గుర్తించారు. ఆ బాక్టీరియా తన జన్యుపదార్థంలో కొంతభాగాన్ని మొక్క కణంలో చొప్పిస్తుందని 1977లో తేలింది. మొక్క కణాలు గట్టి గోడలతో ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి కనుక, కంతి కణాలు విడివడి ఇతర భాగాలకు ప్రాకలేవు. అందువలన జంతువులను చంపినట్లు మొక్కను కంతి సాధారణంగా చంపజాలదు.

రౌస్ ప్రకటనను పండితులు ఆదరించలేదు. కోడి వ్యాధికీ మానవుని వ్యాధికీ పొత్తేమిటన్నారు. కారణం కనబడినది గనుకనే అది క్యాన్సరు కాజాలదని వాదించినవారూ లేకపోలేదు. ఇంతకంటె విచిత్రమైన తర్కం ఉండదు. ఎలుకల కంతులలోనూ అటువంటి కారకం దొరుకుతుందేమోనని ఆయన ఎంతో శ్రమించారు. దొరకలేదు. 1915 నాటికి ఆ పని విడిచిపెట్టారు.

దానిని పిరికితనమనడం న్యాయం కాదు. ఆ వెంటనే ఆయన చేపట్టిన పని వేలమంది ప్రాణాలకు సంబంధించినది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో టర్నర్ అనే సహచరునితో కలసి, సిట్రేటు, చక్కెర కలిపిన ద్రావణంలో రక్తాన్ని రోజుల తరబడి నిలువ ఉంచవచ్చునని 1916లో చూపారు. మరుసటి ఏడు యుద్ధభూమిలో ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ అనే వైద్యుడు ఈ పద్ధతితోనే రక్తం నిలువచేసి క్షతగాత్రులకు ఎక్కించారు. నేటి రక్తనిధులకు మూలం అక్కడున్నది.

కంతుల వైపు ఆయనను మరల రప్పించినది ఒక కుందేలు. 1933లో మిత్రుడు రిచర్డ్ షోప్, అడవి కుందేళ్ల చర్మంపై కొమ్ములవలె లేచే పులిపిరులకు వైరస్ కారణమని కనుగొని, తదుపరి పరిశోధనను రౌస్‌కు అప్పగించారు. సాధుకుందేళ్లలో ఆ పులిపిరులు కాలక్రమాన క్యాన్సరుగా మారుతాయని రౌస్, ఆయన సహచరులు చూపారు. పాలిచ్చే జంతువులలోనూ వైరస్ వలన క్యాన్సరు రాగలదన్నమాట! స్త్రీలకు వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమైన వైరస్ ఈ కుందేలు వైరస్ కుటుంబానికే చెందినది. దానికి 2006 నుండి టీకా అందుబాటులో ఉన్నది. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు ఈ సంగతి గమనింపదగినది.

నోబెల్ బహుమతికి రౌస్ పేరు మొదట 1926లోనే ప్రతిపాదింపబడింది. ఆ సంవత్సరపు వైద్యశాస్త్ర బహుమతి, ఎలుకల కడుపులో పురుగులు క్యాన్సరు కలిగిస్తాయన్న డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫిబిగర్‌కు దక్కింది. ఆ సిద్ధాంతం సరికాదని తరువాత తేలింది. 1951 మొదలు ఎలుకలలోనూ క్యాన్సరు వైరస్‌లు వరుసగా బయటపడసాగాయి. అప్పుడు గాని పాత కోడిపెట్ట సంగతి లోకానికి గుర్తురాలేదు. చివరకు 1966లో, 87 ఏళ్లు నిండిన తరువాత, చార్లెస్ హగిన్స్‌తో పాటు రౌస్‌కు ఆ బహుమతి లభించింది. 1945లో ఉద్యోగవిరమణ చేసినా ఆయన పరిశోధనాలయానికి వెళ్లడం మానలేదు. 1921లో చేపట్టిన వైద్యపత్రిక సంపాదకత్వాన్ని కడవరకు నిర్వహించారు. 1970 ఫిబ్రవరి 16న న్యూయార్క్‌లో కన్నుమూశారు.

అంతటి మేధావి కూడా ఒక విషయంలో పొరబడ్డారు. శరీర కణాలలోని జన్యువుల మార్పే క్యాన్సరుకు మూలమన్న సిద్ధాంతాన్ని బహుమతి అందుకున్ననాటి ఉపన్యాసంలో సైతం ఆయన ఖండించారు. 1976లో బిషప్, వార్మస్ బృందం ఆయన కనుగొన్న వైరస్‌నే తీసుకొని శోధించగా, అందులో క్యాన్సరు పుట్టించే జన్యువు అసలు ఆరోగ్యవంతమైన కోడి కణాలలో ఉండేదేనని, వైరస్ దానిని ఎన్నడో కోడి నుండే ఎత్తుకొనిపోయిందని తేలింది. అటువంటి జన్యువు మానవునిలోనూ ఉన్నది. ఈ పరిశోధనకు వారిరువురికి 1989లో నోబెల్ బహుమతి వచ్చింది.