తాళాల పనివాని కుమారుడు ఓమ్

తార్నాకలోని మా ఇంట ఒక సాయంకాలం యాంప్లిఫయరు ఒక్క చానెలుకే నాలుగు స్పీకర్లను తగిలించినాము. ప్రతి గదిలోనూ పాట వినబడాలన్నది మా ఆశ. కొంతసేపటికే యాంప్లిఫయరు వేడెక్కి మూగపోయినది. దోషం యంత్రానిది కాదు, మాది. జార్జ్ సైమన్ ఓమ్ కనుగొన్న నియమాన్ని పాఠంగా చదివిన మేము పనిలో మరచినాము. ఆ శాస్త్రజ్ఞుని జీవితం విద్యార్థులు తెలుసుకొనదగినది.

ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించినారు. తండ్రి తాళాలు చేసే పనివాడు. బడిచదువు లేకున్నా స్వయంకృషితో గణితం నేర్చి, కుమారులకు తానే బోధించినాడు. పదేళ్ల ప్రాయంలో ఓమ్‌కు మాతృవియోగం కలిగినది. విశ్వవిద్యాలయంలో చేరిన ఏడాదిన్నరకే చదువు విడిచి, స్విట్జర్లాండులో పాఠాలు చెప్పుకొని బ్రతికినారు. అయినా పట్టు వీడక 1811లో డాక్టరేటు పొందినారు.

1817లో కొలోన్ నగరంలోని ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. తీరిక వేళల్లో అక్కడి ప్రయోగశాలలో లోహపు తీగల గుండా విద్యుత్తును పంపి కొలిచేవారు. ఆనాటి బ్యాటరీలకు నిలకడ లేదు. అందుచేత రెండు భిన్న లోహాలను అతికి, ఒక అతుకును మరిగే నీటిలోను, రెండవదానిని మంచులోను ఉంచి స్థిరమైన విద్యుత్తును సాధించినారు. ప్రవాహం వోల్టేజికి అనులోమంగాను, నిరోధానికి విలోమంగాను ఉంటుందని తేల్చి, 1827లో గ్రంథం ప్రకటించినారు.

స్వదేశంలో దానికి ఆదరణ లభించలేదు. మనసు నొచ్చి కొలోన్ ఉద్యోగాన్ని వదులుకొన్నారు. 1833లో నూరెంబర్గులో కొలువు దొరికేవరకు స్థిరమైన పదవి లేకనే గడిపినారు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకంతో గౌరవించినది. 1843లో, చెవి మిశ్రమ ధ్వనిని సరళ స్వరాలుగా విడదీసి వింటుందని ప్రతిపాదించినారు. కోరుకొన్న విశ్వవిద్యాలయ ఆచార్యపదవి మ్యూనిక్‌లో 1852లో గాని లభించలేదు. 1854 జూలై 6న కన్నుమూసినారు.

ఇక మా పొరపాటు సంగతి. స్పీకర్లు పెరిగితే నిరోధం కూడా పెరుగుతుందని తోచడం సహజం. సమాంతర సంధానంలో జరిగేది దానికి విరుద్ధం. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు, నాలుగింటిని కలిపితే 2 ఓమ్‌లు మాత్రమే అవుతాయి. అదే వోల్టేజికి ప్రవాహం నాలుగింతలై ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. రెండేసి స్పీకర్లను శ్రేణిలో కలిపితే జతకు 16 ఓమ్‌లు. ఆ రెండు జతలను సమాంతరంగా కలిపితే మరల 8 ఓమ్‌లే. స్పీకరుపై ముద్రించిన విలువ నామమాత్రపు అవరోధమనీ, స్వరాన్ని బట్టి అది మారుతుందనీ గుర్తుంచుకొని, యాంప్లిఫయరుపై సూచించిన కనిష్ఠ విలువకు దిగువకు పోకపోవడం క్షేమం.

ఉర్దూలో ముజాహమత్ అన్నా, తెలుగులో నిరోధమన్నా కొలమానం ఓమ్ ఒక్కటే. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆ పేరును స్థిరపరచినది. ఆ గౌరవాన్ని చూడడానికి ఆయన లేరు. మెప్పు రాలేదని ప్రయోగం మానని ఆ ఉపాధ్యాయుని దీక్ష మన విద్యార్థులకు అలవడుగాక!